అరవై ఒక్క రోజులు

తెల్లవారుజామున అయిదింటికే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట ఊపందుకుంటుంది. రాత్రి ఒడ్డుకు చేరిన బోట్ల మీంచి కలాసీలు ట్రేలు అందిస్తుంటే కిందివాళ్ళు దించుకుంటారు. చందువలు ఒక కుప్ప, కానాగంతలు ఒక కుప్ప, రొయ్యలు ఇంకో కుప్ప. పాటగాడి కేక ఒకవైపు, ఐసు దంచే చప్పుడు ఇంకోవైపు, తట్టలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ బేరాలు మరోవైపు. ఆ సందడి మధ్య, డిసెంబరులో ఒకనాటి పొద్దున్న, ఆరుగురు పెద్దమనుషులు ఫైళ్ళు పట్టుకుని జెట్టీ మీద నిలబడ్డారు. ఒక విశ్వవిద్యాలయానికి అధ్యాపకుణ్ణి ఎంపిక చేయడానికి వచ్చారు వాళ్ళు.

పోస్టు పేరు అసిస్టెంట్ ప్రొఫెసర్. బోధించవలసింది వైద్య సమాజశాస్త్రం, ఆరోగ్య విధానం.

ఈ చదువు అవసరం ఎంతటిదో చాలామందికి తెలియదు. జబ్బు ఒంట్లోనే పుట్టవచ్చు. కానీ అది ముందుగా ఎవరి ఇంటికి వస్తుంది, ఎవరు ఆసుపత్రికి ఆలస్యంగా చేరతారు, ఎవరు మందు మధ్యలో మానేస్తారు, ఎవరి వైద్యానికి పుస్తెలతాడు తాకట్టుకు పోతుంది అన్నవి మనిషి చేసే పని, ఉండే పేట, చేతిలో ఉన్న డబ్బు తేల్చే సంగతులు. వాటిని పరిశీలించేది వైద్య సమాజశాస్త్రం. అందులో తేలిన నిజాన్ని జీవోగా, బడ్జెట్‌గా, ఆసుపత్రి తలుపు తెరిచే వేళగా మార్చేది ఆరోగ్య విధానం. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఈ రెంటినీ కలిపి చదివే కేంద్రం 1971 నుంచి ఉంది. విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో. ఒంటి గురించిన చదువూ, సమాజం గురించిన చదువూ నూరేళ్ళుగా ఈ తీరాన పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెండూ తెలిసిన మనిషి తరగతిలోకి రావడం ఈ ప్రాంతానికి అన్నంతో సమానమైన అవసరం.

నియామకం ఎలా జరగాలో యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. డిగ్రీకి, పీజీకి, పీహెచ్‌డీకి, నెట్‌కి, పరిశోధన పత్రాలకు మార్కులు వేసి వడపోస్తారు. ఆ మార్కులు ఇంటర్వ్యూ గుమ్మం దాకానే పనికొస్తాయి. ఎంపిక మాత్రం ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభను బట్టే. అలా వడపోతలో నిలిచినవాళ్ళు నలుగురు. వైస్ ఛాన్సలర్ గారికి వచ్చిన ఆలోచన ఏమిటంటే, అందరూ ముందు హార్బర్‌లో పావుగంట సేపు పాఠం చెప్పాలి, ఆ తర్వాతే గదిలో ఇంటర్వ్యూ. "ఎవరి ఆరోగ్యం గురించి పాఠం చెబుతారో వాళ్ళ ముందు నిలబడి చెప్పగలగాలి" అన్నారాయన. మంచి ఆలోచన. అలా ఆలోచించే వైస్ ఛాన్సలర్ దొరకడం ఆ విశ్వవిద్యాలయం అదృష్టమే.

మొదటి అభ్యర్థి పెద్ద సంస్థలో చదివిన కుర్రవాడు. టాల్కాట్ పార్సన్స్ 1951లో చెప్పిన సిద్ధాంతంతో మొదలుపెట్టాడు. జబ్బుపడిన మనిషికి సమాజం కొన్ని హక్కులు ఇస్తుంది, పని నుంచి మినహాయిస్తుంది. బదులుగా ఆ మనిషి కోలుకోవడానికి ప్రయత్నించాలి, వైద్యుడి మాట వినాలి. ఇంత కష్టమైన విషయాన్ని తేలిక మాటల్లో చెప్పాడు.

రెండో అభ్యర్థి డాక్టరు చదువు చదివి, ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ చేసినాయన. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి కార్పొరేట్ ఆసుపత్రి తలుపు ఎలా తెరిచిందో, ప్రభుత్వ డబ్బు ఆ తలుపు గుండా ఎటు వెళ్ళిందో వివరించాడు. చివర్లో, మత్స్యకారులు జబ్బు ముదిరేదాకా రారు, వాళ్ళలో అవగాహన పెంచాలి అన్నాడు.

మూడో అభ్యర్థి పదేళ్ళు పాఠాలు చెప్పిన అనుభవం ఉన్న ఆవిడ. చార్లెస్ నకల్స్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త విశాఖ దగ్గరి జాలారి పల్లెలో ఉండి చేసిన పరిశోధన గురించి చెప్పింది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే అమ్మవారికి కోపం ఎందుకొచ్చింది, అన్నదమ్ముల మధ్య ఏ తగవు తీరలేదు అని జాలర్లు వెతుక్కునే పద్ధతిని ఆయన నమోదు చేశాడు. 1996లో అది పుస్తకంగా వచ్చింది. జబ్బుకు ఒక కారణం కుటుంబంలోనే వెతికే ఆ ఆలోచనను తేలిగ్గా తీసిపారేయకూడదని ఆవిడ వాదన.

నాలుగో అభ్యర్థికి ముప్పై దాటి ఉంటాయి. కాటన్ చీర, భుజాన సంచి. చేతిలో కాగితం లేదు. జెట్టీ అంచున వల సర్దుకుంటున్న ఒక నడివయసు కలాసీ దగ్గరికి వెళ్ళి ఆగింది.

"బాబాయ్, ఈసారి ఏటకెల్తే ఎన్ని రోజులకొచ్చారు?"

"పద్దెనిమిది రోజులమ్మా."

"బీపీ బిళ్ళలు ఏసుకుంటన్నారా?"

"ఏసుకుంటన్నాను."

"ఎన్ని అట్టుకెల్లారు?"

"పది ఉన్నాయి. అయ్యే అట్టుకెల్లాను."

"మరి తరవాత ఎనిమిది రోజులు?"

"ఒడ్డుకొచ్చాక ఏసుకుందారనుకున్నాను. రాగానే పాట. పాటయ్యేసరికి ఆసుపత్రి మూసేత్తారు."

ఆమె కమిటీ వైపు తిరిగింది. "ఈయనకు బీపీ ఉందని తెలుసు. బిళ్ళ వేసుకోవాలని తెలుసు. అవగాహన తక్కువేమీ లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తెరిచి ఉండేది వీళ్ళు పనిలో ఉండే వేళల్లోనే. హార్బర్‌లో పని తెల్లవారకముందే మొదలవుతుంది, ఆడవాళ్ళు తట్టలెత్తుకుని వన్‌టౌన్ వీధులన్నీ తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. గుండె ఆపరేషన్‌కి వీళ్ళ దగ్గర కార్డు ఉంది. గుండె పాడవకుండా చూసే బిళ్ళ తెచ్చుకోవడానికే వేళ లేదు."

ఢిల్లీ నుంచి వచ్చిన నిపుణురాలు కళ్ళజోడు సవరించుకుంది. "ఇది ఒక మనిషి చెప్పిన మాట. దీని మీద విధానం కట్టగలమా?"

"ఒక్క మాట మీద కట్టకూడదండీ. 1963లో డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ ఒక అధ్యయనం ప్రచురించారు. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ తరఫున అప్పటి మైసూరు రాష్ట్రం పల్లెల్లో క్షయ రోగుల్ని కలిసి అడిగారు. పల్లెటూరివాళ్ళకు జబ్బు లక్షణాలు తెలియవని అప్పటిదాకా పెద్దల నమ్మకం. చూస్తే దాదాపు అందరికీ తెలుసు. సగానికి పైగా మంది వైద్యం కోసం వెళ్ళారు కూడా. వెళ్ళినవాళ్ళకు పరీక్ష చేయకుండా దగ్గు మందు ఇచ్చి పంపేశారు. రోగి రాలేదని అనేముందు, వచ్చిన రోగికి మనం ఏమిచ్చామో చూడాలని ఆ అధ్యయనం దేశానికి నేర్పింది. క్షయ కార్యక్రమం రూపురేఖల్లో దానికి చోటు దొరికింది. ఈ హార్బర్‌లోనూ అలాంటి అధ్యయనం జరగాలి. నా తరగతి పిల్లలతో చేయిస్తాను."

నిపుణురాలు ఏదో రాసుకుంది.

"మొదట మాట్లాడిన ఆయన పార్సన్స్ గురించి చక్కగా చెప్పారు. జబ్బు చేస్తే పని నుంచి మినహాయింపు హక్కు అని. కలాసీకి ఆ మినహాయింపు ఇచ్చేదెవరు? బోటు తిరిగొచ్చాక డీజిలు, ఐసు, రేషను ఖర్చులు పోగా మిగిలినదాంట్లో వాటా. బోటెక్కితేనే వాటా. కాగితం మీద యజమాని లేడు, ఉద్యోగీ లేడు. అందుకని ఈఎస్ఐ బీమా ఇతణ్ణి చూడదు. వించ్ తాడులో చెయ్యి పడి రెండు వేళ్ళు పోయిన మనిషి మూడు నెలలు ఒడ్డున కూర్చుంటే ఆ మూడు నెలలకు వాటా ఉండదు. ఆ ఇంట్లో పదో తరగతి పిల్ల బడి మానాలా వద్దా అన్నది ఆ వేళ్ళ మీద తేలుతుంది."

ఆ మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. వెంటనే సర్దుకుంది.

"2023 నవంబరు 19 రాత్రి ఇక్కడ మంటలు లేచాయి. దాదాపు నలభై బోట్లు కాలిపోయాయి. ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. సాయం అందాల్సిందే, అందింది. బోటుకు విలువ కట్టడం మనకు వచ్చు. ఆ బోటు మీద పనిచేసే ఒంటికి విలువ కట్టడం ఇంకా నేర్చుకోవాలి."

వైస్ ఛాన్సలర్ గారు అడిగారు: "అన్నీ లోటుపాట్లేనా? ఇక్కడ సరిగ్గా జరిగిన విధానం ఒక్కటి చెప్పండి."

"ఒకటి ఉందండీ. వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు. 2015కి ముందు నలభై ఏడు రోజులే ఉండేది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పు తీరంలో మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. చేప పెరుగుతుంది, రేపటి వేట బాగుంటుంది. కానీ ఆ రెండు నెలలూ పొయ్యి వెలగాలి కదా. అందుకని భృతి ఇస్తున్నారు. 2019 నుంచి పదివేలు ఇచ్చేవారు, 2025లో ఇరవై వేలు చేశారు. ఈ డబ్బు మత్స్యశాఖ పద్దులో ఉంటుంది. నేను దాన్ని ఆరోగ్య విధానం అంటాను. నిషేధం రోజుల్లో చేతిలో రూపాయి లేకపోతే ముందు ఆగిపోయేది మందు బిళ్ళ. ఆ తర్వాత పిల్లల గుడ్డు, పాలు. ఆ భృతి వెనక ఒక న్యాయం ఉంది. పని ఆపమన్నవాళ్ళే ఆ పని లేని రోజుల తిండికి బాధ్యులు. దేశంలో ప్రతి పనివాడికీ ఈ న్యాయం అందితే సగం జబ్బులు ఆసుపత్రి గడప తొక్కవు."

చేతిలో ఫైలు ఉన్న సంగతి మరిచి వైస్ ఛాన్సలర్ గారు చప్పట్లు కొట్టారు. కొనుగోలుదార్లు, తట్టల ఆడవాళ్ళు, పాటగాడు అందరూ అటు తిరిగి చూశారు. "ఆ చివరి మాట మళ్ళీ చెప్పండి" అని అడిగి, ఆయన తన ఫైలు అట్ట మీద రాసుకున్నారు: పని ఆపమన్నవాళ్ళే ఆ పని లేని రోజుల తిండికి బాధ్యులు.

"ఈ యాస మీకెలా వచ్చింది?" అని విభాగాధిపతి అడిగారు.

"ఇక్కడే పెరిగానండీ" అంది. అంతకు మించి చెప్పలేదు.

అక్కడికి యాభై అడుగుల దూరంలో, ఐసు పెట్టెల వెనక, ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. కుడిచేతికి మూడే వేళ్ళు. కూతురు పాఠం చెప్పినంతసేపూ ఆయన కదల్లేదు. ముందురోజు రాత్రి ఆమె ప్రకటనలోని ఒక నిబంధన చదివి వినిపించింది: ఏ రూపంలో సిఫార్సు చేయించినా అభ్యర్థిత్వం రద్దు. తండ్రి అక్కడ నిలబడి ఉండటం కూడా సిఫార్సు కింద లెక్కేస్తారేమోనని ఆయన భయం. అందుకని తను పనిచేసే బోటు దగ్గరికి పోకుండా పెట్టెల చాటున కూర్చున్నాడు. పక్కనున్నవాళ్ళు పిలిస్తే నోటి మీద వేలు పెట్టుకుని ఊరుకోమన్నాడు. ప్రతి మాటా విన్నాడు. తన వేళ్ళ సంగతి వచ్చినప్పుడు చెయ్యి ఒళ్ళో దాచుకున్నాడు.

మధ్యాహ్నం గదిలో ఇంటర్వ్యూలు జరిగాయి. సాయంత్రానికి కమిటీ ఒకే మాట మీదికి వచ్చింది. నలుగురిలోనూ ఆమెదే మొదటి స్థానం. ఆ నిర్ణయంలో ఎవరి ఒత్తిడీ లేదు, ఎవరి ఫోనూ లేదు. ప్రతిభకు దక్కిన న్యాయం అది. మూడు వారాలకు ఉత్తర్వు చేతికి వచ్చింది.

కొత్త జాలారిపేటలోని ఆమె ఇంట్లో ఆ సాయంత్రం పండగ. తల్లి పాత పోస్టాఫీసు దాకా తట్ట తిప్పి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తెలిసిన ప్రతి ఇంటికీ మిఠాయి పంచింది. "మా పాప పెద్దకాలేజీలో మేడమ్మయ్యింది" అని చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి. ముప్పై ఏళ్ళు నెత్తిన మోసిన బరువు ఆ ఒక్క పూట దిగింది.

"కాయితం సదువమ్మా. అంతా సదువు. ఒక్క ముక్క ఒగ్గీకుండా సదువు" అన్నాడు తండ్రి, గోడకు ఆనుకుని కూర్చుంటూ.

ఆమె చదివింది. చదువుతూ తెలుగులో చెబుతూ వచ్చింది. పోస్టు మంజూరైనదే కానీ రెగ్యులర్ నియామకానికి ఇంకా అనుమతి రాలేదు. అంతవరకు గెస్ట్ ఫ్యాకల్టీగా తీసుకుంటున్నారు. ఇది ఆ ఒక్క విశ్వవిద్యాలయం కథ కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి 2023 అక్టోబరులో ప్రకటనలు వచ్చాయి, ఆ భర్తీ మధ్యలోనే ఆగింది. ఖాళీ కుర్చీలు అలాగే ఉండి, పాఠాలు మాత్రం గెస్టుల గొంతులతో సాగుతున్న విభాగాలు ఎన్నో ఉన్నాయి.

"నెలకెంతిస్తారు?" తల్లి అడిగింది.

రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. గెస్టులకు తరగతికి 1,500 రూపాయలు, నెలకు యాభై వేలు దాటకుండా ఇవ్వవచ్చని 2019లో యూజీసీ చెప్పింది. ఉత్తర్వులో ఉన్నది తరగతికి అందులో సగం. ఆ లెక్కలేవీ తల్లికి చెప్పకుండా, "తరగతికి ఇంతని ఇస్తారమ్మా. ఎన్ని తరగతులు చెబితే అంత" అంది.

"జొరమొచ్చి ఎల్లకపోతే?"

"ఆ రోజుకి ఉండదు. జబ్బు సెలవు, కాన్పు సెలవు వర్తించవని రాశారు. బీమా కూడా లేదు."

తల్లి చేతిలోని మిఠాయి పొట్లం కిందపెట్టింది. "ఇంకేటున్నాది?"

"చేరేముందు ఆరోగ్యంగా ఉన్నానని సివిల్ సర్జన్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి."

తండ్రి అంతసేపూ నేలకేసి చూస్తూ విన్నాడు. కూతురు కాగితం మడిచేటప్పుడు తల ఎత్తాడు.

"ఎండాకాలం సెలవలుంటాయి కదమ్మా మీకు. ఎప్పట్నించి?"

"ఏప్రిల్ ఆఖర్నుంచి నాన్నా. జూన్ సగం దాకా."

"అంటే మా నిషేదం రోజులే."

"దగ్గర దగ్గర అవే."

"అప్పుడు తరగతులుండవు."

"ఉండవు."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మూడు వేళ్ళ చేత్తో కూతురి చేతిలోని ఉత్తర్వు తీసుకుని, మడత విప్పి, చదవడం రాకపోయినా మొదటి నుంచి చివరిదాకా చూశాడు.

"ఆ రోజు ఐసు పెట్టెల ఎనకాల కూకుని నీ పాఠం ఇన్నానమ్మా. పనాపమన్నోలే తిండి సూసుకోవాలన్నావు. ఆ పెద్దబాబు సప్పట్లు కొట్టి రాసుకున్నాడు కూడా. సేపలు గుడ్లెట్టుకోవాలని మమ్మల్ని రెండు నెలలు ఒడ్డున కూకోబెడితే, గవర్మెంటోలు ఇరవై వేలు సేతిలో ఎడతన్నారు. పిల్లలకి సెలవలని నిన్ను రెండు నెలలు ఇంట్లో కూకోబెడితే, ఆ సప్పట్లు కొట్టినోలు నీకేటెడతారమ్మా?"